తక్కువ ధరలో గ్రాఫిక్స్ కార్డు: వైజాగ్‌లో నా అనుభవం

2025 జూలై 8, మంగళవారం సాయంత్రం మా ఇంట్లో కంప్యూటర్ స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు వచ్చాయి. చూస్తుండగానే మొత్తం నల్లబడింది. క్యాబినెట్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డు లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం రాదు. ఆఫ్ చేసి ఆన్ చేసినా అంతే.

నేను ఇంటి దగ్గరే ఉండి కొన్ని చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్ను గడువు నెలకి 11వ తేదీ. షాపుల వాళ్ల బిల్లుల వివరాలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. మా అబ్బాయి ఇంటర్ పాఠాలూ, అత్తయ్య ప్రవచనాలూ కూడా దాంట్లోనే. గడువు దాటితే లేటు ఫీజు పడేది నన్ను నమ్ముకున్న వాళ్లకి. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్న పదింటికి మెకానిక్ అబ్బాయి వచ్చాడు. మాది పెదవాల్తేరు. సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకే వస్తుంది. క్యాబినెట్ మూత తీయగానే, "ఏటక్కా, మొత్తం తుప్పట్టిపోనాది" అన్నాడు. స్క్రీన్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి చూపించాడు. పోర్టులుండే రేకు నిండా గోధుమ రంగు మచ్చలు. దాని మీదున్న చిన్న ఫ్యానుని వేలితో తోస్తే అర చుట్టు తిరిగి ఆగిపోయింది. స్లాట్‌లోకి దిగే అంచున బంగారు రంగు గీతలుంటాయి కదా, అవి నల్లబడ్డాయి. జేబులోంచి తెల్ల రబ్బరు తీసి, పెన్సిల్ రాత చెరిపినట్టు ఆ గీతల్ని రెండు వైపులా రుద్దాడు. పొడి దులిపి మళ్లీ బిగిస్తే బొమ్మ వచ్చింది. ప్రాణం లేచొచ్చింది నాకు. కాసేపటికే మళ్లీ గీతలు, మళ్లీ నలుపు.

"కార్డు పోయిందక్కా. ఫ్యాను ఎప్పుడో ఆగిపోయుంటది. కొత్తది వేసుకోవాలి" అని 300 తీసుకున్నాడు.

కంప్యూటర్ వెనకాల మదర్‌బోర్డుకే ఒక హెచ్‌డీఎమ్ఐ పోర్టు ఉంది. కార్డు లేకుండా దానికే వైరు పెట్టుకోవచ్చు కదా అని అడిగాను. మాది ఐ3-10100ఎఫ్ ప్రాసెసర్. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. పోర్టు కనబడుతుంది గానీ దాంట్లోంచి బొమ్మ రాదు. 2021లో అసెంబుల్ చేయించినప్పుడు ఎఫ్ అయితే కాస్త తక్కువలో వస్తుందని షాపతను అదే వేశాడు. అప్పుడు కార్డులకు కరువు కాబట్టి, దొరికిన జీటీ 710 తగిలించాడు. మూడేళ్ల వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఎఫ్ లేని 10100 ప్రాసెసర్ పాతది దొరికితే అదే మార్చేయొచ్చని మెకానిక్ అన్నాడు. అది మంచి సలహానే. తనకు తెలిసిన రెండు మూడు చోట్లకి నా ముందే ఫోన్ చేశాడు. ఎక్కడా లేదు.

కింద ఫ్లాట్ వాళ్ల దగ్గర పాత జీటీ 210 కార్డు ఒకటి పడి ఉందంటే అదీ తెచ్చి పెట్టి చూశాం. ఫ్యాను తిరిగింది, బొమ్మ రాలేదు. అది 2009 నాటి కార్డు. ఇప్పటి బోర్డులు మొదలయ్యే యూఈఎఫ్ఐ పద్ధతి దానికి తెలియదు. బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో, సీఎస్ఎమ్ అనే పాత పద్ధతిని ఆన్ చేస్తే వస్తుందట. ఆ బయోస్ చూడాలన్నా ముందు స్క్రీన్ మీద బొమ్మ రావాలి. అత్యవసరానికి అరువు కార్డుతో నెట్టుకొద్దాం అనుకునే వాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ముందు రిటర్నుల సంగతి. మెకానిక్ ఫైళ్లన్నీ ఉండే మా ఎస్ఎస్‌డీని ఊడదీసి 450 రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టిచ్చాడు. దాన్ని పట్టుకుని ఎంవీపీ కాలనీలో ఉన్న మా తోటికోడలు ఇంటికి వెళ్లాను. ఆవిడ ల్యాప్‌టాప్‌కి తగిలించగానే నా ఎక్సెల్ ఫైళ్లన్నీ కనిపించాయి. 10వ తేదీ రాత్రి పదకొండు దాకా అక్కడే కూర్చుని అన్నీ వేసేశాను. ఆవిడ భోజనం పెట్టి, ల్యాప్‌టాప్ కూడా ఇచ్చి పంపింది. ఆ సాయం మర్చిపోలేను. కంప్యూటర్ పోయిందంటే డేటా పోయిందని కంగారు పడతాం. గ్రాఫిక్స్ కార్డు పోతే డేటాకి ఏమీ కాదు.

12వ తేదీ శనివారం ద్వారకానగర్ వెళ్లాను. మొదటి షాపులో అడిగిన మొదటి మాట, "ఎన్ని జీబీ కావాలి మేడమ్?" తర్వాత ఎక్కినవాటిలోనూ అదే ప్రశ్న. మీరు ఏం పని చేస్తారు, మానిటర్‌కి ఏ పోర్టు ఉంది, పవర్ సప్లై ఎంత అని ఎవరూ అడగలేదు. బియ్యం కొన్నట్టు జీబీల లెక్కన ధరలు చెప్తున్నారు. జీటీ 710 రెండు జీబీ 3,400. జీటీ 730 నాలుగు జీబీ 5,200. జీటీ 1030 రెండు జీబీ 6,900. ఆర్ఎక్స్ 6400 నాలుగు జీబీ 13,500. "730 తీసుకోండి మేడమ్, 1030 కన్నా తక్కువ ధర, డబుల్ మెమరీ" అన్నాడు ఒకతను. వినడానికి న్యాయంగానే ఉంది. ఏదీ కొనకుండా ధరలు రాసుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి మా అబ్బాయీ నేనూ కూర్చుని ఒక్కొక్క కార్డు గురించీ చదివాం.

జీటీ 730 వచ్చింది 2014లో. ఆ ఒక్క పేరుతోనే లోపల వేరువేరు చిప్‌లున్న కార్డులు అమ్మారు. ఒకదాంట్లో లెక్కలు చేసే కోర్లు 96, ఇంకోదాంట్లో 384. షాపతను చూపించిన నాలుగు జీబీ కార్డులో ఉన్నది డీడీఆర్3 మెమరీ. అది ఎంత నెమ్మదంటే, నాలుగు జీబీని వాడుకునే బలం ఆ చిప్‌కి లేనే లేదు. నాలుగు జీబీ అన్నది అట్ట మీద అంకె, అంతే. పైగా 710 గానీ, 384 కోర్ల 730 గానీ కెప్లర్ తరానివి. ఈ చిప్‌లు చేసే ఎన్విడియా కంపెనీ వాటికి కొత్త డ్రైవర్లు, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, ఇవ్వడం 2021లో ఆపేసింది. భద్రతా అప్‌డేట్లు కూడా 2024 సెప్టెంబర్‌తో అయిపోయాయి. నేను షాపుల వాళ్ల జీఎస్టీ లాగిన్లు, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్లో అప్‌డేట్లు రాని కార్డు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఎక్సెల్, బ్రౌజర్ మాత్రమే అయితే 710 చాలు, అందులో సందేహం లేదు. ఇంకో నాలుగేళ్లు నడవాలనుకునే వాళ్లు మాత్రం ఆలోచించుకోవాలి.

ఇంకో సంగతి వీడియోలు. మా ఆడపడుచు ఫోన్‌లో తీసిన పెళ్లి వీడియోలు మా కంప్యూటర్లో ఎప్పుడూ ఆగి ఆగి ఆడేవి. కొత్త ఫోన్లలో కొన్ని హెచ్ఈవీసీ అనే పద్ధతిలో రికార్డు చేస్తాయి. 710కి దాన్ని చదివే భాగం లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడేది. 1030లో హెచ్ఈవీసీకీ, యూట్యూబ్ వాడే వీపీ9కీ రెండింటికీ ఆ భాగం ఉంది. ఏవీ1 అనే ఇంకో కొత్త వీడియో పద్ధతికి లేదు. యూట్యూబ్‌లో ఇప్పుడు ఏవీ1 వీడియోలు కూడా వస్తున్నాయి గానీ, సెట్టింగుల్లో దానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో మనం మార్చుకోవచ్చు.

ఆర్ఎక్స్ 6400 మీద మా అబ్బాయికి ఆశ. ఆటలకి అది ఎన్నో రెట్లు మెరుగు, కాదనను. కానీ మా ఇంటి అవసరానికి ధర రెట్టింపు. ఇంకో లోటు ఏంటంటే, అది స్లాట్‌లో డేటా వెళ్లే దారులు (లేన్లు) నాలుగే వాడుకుంటుంది, అదీ పీసీఐఈ అనే ఆ స్లాట్ పద్ధతిలో నాలుగో తరం వేగం మీద లెక్కేసి తయారుచేసింది. మా బోర్డు మూడో తరం. పెట్టిన డబ్బుకి పూర్తి ఫలితం రాదు. ఈ మాట వాడే చదివి వాడే చెప్పాడు. మొహం చిన్నబోయింది గానీ మళ్లీ అడగలేదు.

13వ తేదీ ఆదివారం ఒక సెకండ్‌హ్యాండ్ బేరం చూడ్డానికి గాజువాక వెళ్లాం. జీటీఎక్స్ 1050 టీఐ, నాలుగు జీబీ, 3,000. ధర వినగానే మెకానిక్ అబ్బాయి, "ఒక్కరూ ఎళ్లకండక్కా, నేనొస్తాను" అన్నాడు. కార్డు చేతిలోకి తీసుకుని ముందు పోర్టుల వైపు చూశాడు. పాత మానిటర్లకి పెట్టే నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. 1050 టీఐ పాస్కల్ తరం కార్డు, ఆ తరం చిప్ వీజీఏకి కావలసిన అనలాగ్ సిగ్నల్ ఇవ్వదు. తర్వాత వాళ్ల కంప్యూటర్లోనే కార్డు పెట్టించి జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాడు. పేరు ముందు ఇంగ్లీషులో ఫేక్ అని పడింది. ఎప్పటిదో పాత చిప్‌కి బయోస్ మార్చి కొత్త పేరు తగిలించారన్నమాట. అమ్మే ఆయనకీ ఆ సంగతి తెలియదని మొహం చూస్తే అర్థమైంది, ఆయన కూడా ఎవరి దగ్గరో కొన్నదే. నాకు ఆయన మీద జాలేసింది. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు ఆ ఒక్క ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. దాన్ని ఇన్‌స్టాల్ కూడా చేయక్కర్లేదు.

1030 అని ఖాయం చేసుకున్నాక అసలు తిప్పలు మొదలయ్యాయి. జీటీ 1030 పేరుతో రెండు రకాలున్నాయి. 2017లో వచ్చినది జీడీడీఆర్5 మెమరీతో. 2018లో అదే పేరుతో మామూలు డీడీఆర్4 మెమరీ వేసి ఇంకోటి వదిలారు. మొదటిదాని మెమరీ వేగం సెకనుకి 48 జీబీ, రెండోదానిది 17 జీబీ కూడా లేదు. మూడో వంతు! పేరు అదే, రెండు జీబీ అదే, అట్టపెట్టె బొమ్మ కూడా ఇంచుమించు అదే. తేడా ఎక్కువగా తెలిసేది మోడల్ నంబరులో డీ4 అనో డీ5 అనో ఉండే రెండక్షరాల వల్ల. ద్వారకానగర్‌లో నాకు 6,900 చెప్పింది డీ4. నేను ఆ ధర రాసుకున్నప్పుడు పెట్టెను ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. పెద్దది చేసి చూస్తే కింద మూలన ఉంది.

సోమవారం పొద్దున్నే ఇంకో షాపుకి వెళ్లి డీ5 కావాలని, అదీ ఫ్యాను లేనిది కావాలని అడిగాను. మా ఇంటి గాలికి చిన్న ఫ్యాన్లు నిలవవని తేలిపోయింది. 1030 తినేది 30 వాట్లే, కాబట్టి వేడి పీల్చే రేకుల దిమ్మతోనే సరిపెట్టుకునే మోడళ్లు ఉన్నాయి. పవర్ సప్లై నుంచి వేరే వైరు కూడా అక్కర్లేదు, స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది. స్టాకు లేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం, నాలుగు రోజులు పడుతుంది, 7,400 అన్నారు. వెయ్యి అడ్వాన్సు కట్టి, రసీదు మీద "జీడీడీఆర్5" అని రాయించుకున్నాను. ఆ ఒక్క మాటే తర్వాత నన్ను కాపాడింది.

శుక్రవారం 18న సరుకొచ్చిందని ఫోన్ వచ్చింది. సాయంత్రం జోరున వాన, అయినా ఆగలేక ఆటోలో వెళ్లాను. పెట్టె తిప్పి చూస్తే డీ4.

"రెండూ ఒకటే మేడమ్, పేరు చూడండి, 1030నే కదా" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. రసీదు చూపించాను. "మీరు వాడేదానికి తేడా తెలీదు" అన్నాడు. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. నాకు తెలుస్తుందో లేదో తర్వాతి మాట, డీ5 ధర చెప్పి డీ4 ఇవ్వడం ఎలా న్యాయం? గొంతు పెరిగేసరికి లోపల్నుంచి ఓనర్ గారు వచ్చారు. పెద్దాయన, రసీదు చదివి వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడారు. "అడ్వాన్సు కావాలంటే ఇచ్చేస్తానమ్మా, ఆగితే మాత్రం ఇంకో వారంలో సరైనదే ఇస్తాను" అన్నారు. ఆగుతానన్నాను.

ఆ మధ్యలో 20వ తేదీ పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీ రిటర్ను గడువు వచ్చింది. తోటికోడలు ల్యాప్‌టాప్ మీదే అదీ అయింది. చిన్న స్క్రీన్ మీద ఎక్సెల్ షీట్లు చూసి చూసి కళ్లు మంటలెత్తాయి. అత్తయ్య ప్రవచనాలు ఫోన్‌లో వింటూ, ఏమీ అనకుండా సర్దుకున్నారు.

24వ తేదీ గురువారం డీ5 వచ్చింది. పెట్టె మీదా, కార్డు వెనక స్టిక్కర్ మీదా రెండుచోట్లా చూసుకున్నాను. బిల్లు లేకుండా అయితే 300 తగ్గిస్తానన్నాడు ఆ కుర్రాడు. నేను చేసే పనికి ఆ మాట అసలు పడదు. బిల్లు మీద సీరియల్ నంబరు కూడా వేయించుకున్నాను. మూడేళ్ల వారంటీకి రేపు ఆ కాగితమే ఆధారం.

పోర్టుల దగ్గర ఇంకో చిక్కు ఉంటుందని ముందే చదివాం కాబట్టి దానికీ సిద్ధపడే వెళ్లాను. మాది పాత మానిటర్, దానికి వీజీఏ తప్ప వేరే పోర్టు లేదు. ఈ కార్డుకి ఉన్నవి హెచ్‌డీఎమ్ఐ, డీవీఐ. షాపులో 80 రూపాయల డీవీఐ టు వీజీఏ ముక్క ఒకటి ఇవ్వబోయారు. డీవీఐ పోర్టులో ఒక పక్కన అడ్డంగా సన్నని చీలిక ఉంటుంది. దాని చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటే అనలాగ్ వస్తుంది, ఆ ముక్క పనిచేస్తుంది. 1030కి ఆ నాలుగూ ఉండవు, ముక్క అసలు లోపలికే దిగదు. కౌంటర్ మీదే పెట్టి చూపించాను. హెచ్‌డీఎమ్ఐ నుంచి వీజీఏకి సిగ్నల్ మార్చే కన్వర్టర్ తీసుకున్నాను, 350 అయింది.

ఆ రాత్రే మా అబ్బాయి బిగించాడు. ప్లగ్గు తీసేసి, ముందు క్యాబినెట్ ఇనుముని చేత్తో ముట్టుకుని, తర్వాతే కార్డు పట్టుకున్నాడు. స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ కొక్కెం టిక్కుమనే దాకా నొక్కాలి. పాత తుప్పు స్క్రూ పడేసి కొత్తది వేశాం. స్విచ్ వేస్తే బొమ్మ వచ్చింది, కానీ అక్షరాలు పెద్దపెద్దగా, సాగదీసినట్టు. కంగారు పడక్కర్లేదు, డ్రైవర్ లేనప్పుడు అలాగే ఉంటుంది. ఇంటర్నెట్ పెట్టి వదిలేస్తే విండోస్ తనంతట తనే తెచ్చుకుంది, పావుగంట పట్టింది. తర్వాత స్పీకర్లలో శబ్దం రాలేదు. హెచ్‌డీఎమ్ఐ తగిలించాక కంప్యూటర్ శబ్దాన్ని కూడా అటే పంపేస్తుంది. కింద స్పీకర్ గుర్తు నొక్కి పాత స్పీకర్లను ఎంచుకుంటే సరిపోయింది. జీపీయూ-జెడ్ తెరిస్తే జీడీడీఆర్5, 48.1 అని చూపించింది. ఆ అంకె చూశాక గానీ నాకు మనసు కుదుటపడలేదు.

పెళ్లి వీడియో పెట్టాం. ఎక్కడా ఆగలేదు. అత్తయ్య కుర్చీ దగ్గరికి లాక్కుని, తాళి కట్టే ఘట్టం రెండోసారి పెట్టించుకుని చూశారు.

ఖర్చంతా కలిపితే కార్డు 7,400, కన్వర్టర్ 350, ఎస్ఎస్‌డీ కేసు 450, మెకానిక్‌కి మొదటిరోజు 300. గాజువాక వచ్చినందుకు ఆ అబ్బాయి డబ్బు తీసుకోలేదు. ఆటోలు వేరు.

కార్డు కొన్న కొద్ది రోజులకే ఎన్విడియా ప్రకటన ఒకటి వచ్చింది. మా 1030 కూడా చేరిన పాస్కల్ తరానికి కొత్త డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆఖరు, ఆ తర్వాత 2028 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం ఇస్తారట. చదవగానే మనసు చివుక్కుమంది. మా ఇంట్లో ఆటలు తక్కువ కాబట్టి నాకు కావలసింది భద్రతా అప్‌డేట్లే. మూడేళ్లు ధీమాగా ఉండొచ్చు. కొత్త ఆటల కోసం కొనేవాళ్లకి మాత్రం ఇప్పుడు 1030 వద్దనే చెప్తాను.

పోయిన వారం మా పై ఫ్లాట్ మాస్టారు గారు వచ్చి, వాళ్లకీ ఇలాగే స్క్రీన్ నల్లబడిందని, ఏ కార్డు కొనాలో చెప్పమని అడిగారు. పాత బిల్లు తెమ్మన్నాను. ప్రాసెసర్ ఐ5-10400, చివర ఎఫ్ లేదు. మా అబ్బాయి పైకి వెళ్లి, పాడైన కార్డు తీసేసి, మానిటర్ వైరు మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి వచ్చాడు. బొమ్మ వచ్చేసింది, ఆయన కార్డు కొననేలేదు.